కొత్త కంప్యూటరా, కొత్త ఆపరేటింగ్ సిస్టమా?

కర్నూలులో ఉంటున్న మా అన్నయ్య 2025 నవంబరులో ఒక రాత్రి ఫోన్ చేసి సలహా అడిగాడు. ఆయన పెద్ద కుమార్తె డిగ్రీ పూర్తి చేసి, ఇంటిపట్టునే ఉండి వెబ్‌సైట్లు తయారుచేసే పని నేర్చుకుంటోంది. ఇంట్లో ఉన్నది 2017లో కొన్న ఒకే ఒక ల్యాప్‌టాప్. పగలు అన్నయ్య దానిమీద పెళ్లి పత్రికలు, కరపత్రాలు కంపోజ్ చేస్తాడు. రాత్రి ఇషా తరువాత అది అమ్మాయి చేతికి వస్తుంది.

ఆ యంత్రం నానాటికీ నెమ్మదిస్తోంది. దానిలో ఉన్న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఉచిత భద్రతా నవీకరణలను 2025 అక్టోబరు 14తో నిలిపివేసింది. విండోస్ 11 వేద్దామంటే ఆ ల్యాప్‌టాప్‌లోని ప్రాసెసర్‌కు అర్హత లేదు. దుకాణదారుడు, "కొత్తది కొనటమే మేలు" అన్నాడట. కొత్త ల్యాప్‌టాప్ కోసం భాభీ గాజులు అమ్మే ప్రస్తావన కూడా ఇంట్లో వచ్చింది.

ఇంతలో అమ్మాయి ఫోన్ అందుకుంది. ఆమె బాధ వేరు. తమ వీధిలోని ఒక చిన్న పాఠశాలకు ఆమె మొదటిసారి వెబ్‌సైట్ తయారుచేసి ఇచ్చింది. ఇంట్లో చూసినప్పుడు చక్కగా ఉన్న ఆ సైట్, సర్వర్ మీదికి ఎక్కించగానే ఫొటోలు లేకుండా ఖాళీ గళ్లతో కనిపించింది. రెండు రాత్రులు వెదికినా కారణం దొరకలేదు. "చాచా, నా దగ్గర అన్ని ఫొటోలూ కనిపిస్తున్నాయి. వాళ్ల దగ్గరే కనిపించటం లేదు. నాకు ఈ పని రాదేమో" అంది.

హైదరాబాద్‌లో సర్వర్ల నిర్వహణ పనిలో ఉన్నవాడిని కాబట్టి, ఆ మాట వినగానే కారణం కొంత ఊహించగలిగాను. తండ్రి చెప్పిన సమస్య, కూతురు చెప్పిన సమస్య రెండూ ఒకేచోట కలుస్తాయని కూడా అనిపించింది. ఆ ఇంటి అనుభవాన్ని ఆధారం చేసుకొని, వెబ్ పని నేర్చుకునేవారు ఆపరేటింగ్ సిస్టమ్ మార్చుకోవటం అవసరమా, అవసరమైతే ఎలా మార్చుకోవాలి అన్న విషయాన్ని ఇక్కడ వివరించే ప్రయత్నం చేస్తాను. ఇటువంటి ప్రశ్న నేడు అనేక కుటుంబాల ముందు ఉంది.

ఫొటోలు ఎందుకు మాయమయ్యాయి?

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే యంత్రానికీ మనకూ మధ్య ఉండే నిర్వాహకుడు. ఫైళ్లను ఎక్కడ దాచాలి, ఏ ప్రోగ్రామ్‌కు ఎంత జ్ఞాపకశక్తి ఇవ్వాలి, ఎవరికి ఏది చూసే హక్కు ఉంది వంటి విషయాలన్నీ అదే తేల్చుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది విండోస్. కానీ మనం తయారుచేసిన వెబ్‌సైట్ నివసించేది మన ఇంట్లో కాదు, ఎక్కడో ఉన్న సర్వర్‌లో. ఆ సర్వర్లలో అత్యధిక భాగం లినక్స్ మీద నడుస్తాయి. ఈ రెండు నిర్వాహకుల పద్ధతులు కొన్ని విషయాల్లో వేరు. అమ్మాయి పని ఆ తేడా దగ్గరే తడబడింది.

ఆమె పాఠశాల చిహ్నాన్ని దాచిన ఫైల్ పేరు ఇంగ్లీషులో 'లోగో'. మొదటి అక్షరం పెద్ద 'ఎల్'. పేజీలో మాత్రం అదే పేరును చిన్న 'ఎల్'తో రాసింది. విండోస్ మామూలుగా పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ భేదం పాటించదు. రెండూ ఒకటే అనుకొని ఫొటోను చూపించింది. లినక్స్ దృష్టిలో అవి రెండు వేర్వేరు పేర్లు. అడిగిన పేరుతో ఫైల్ లేదు కాబట్టి సర్వర్ 'లేదు' అని జవాబిచ్చింది. ఫొటోల పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చగానే సైట్ బాగుపడింది. పదిహేను నిమిషాల పని. ఆ పదిహేను నిమిషాల మరమ్మతు తెలియక ఒక అమ్మాయి తనకు విద్య అబ్బదని నిర్ణయానికి రాబోయింది!

ఇటువంటివి ఇంకా ఉన్నాయి. ఒక పంక్తి ముగిసిందని గుర్తించే పద్ధతి వాటిలో ఒకటి. పూర్వం టెలిప్రింటర్లలో పంక్తి పూర్తికాగానే రెండు పనులు జరగాలి: అచ్చు వేసే భాగం ఎడమకు తిరిగి రావాలి, కాగితం ఒక వరుస పైకి జరగాలి. విండోస్ ఆ రెండు గుర్తులనూ నేటికీ ప్రతి పంక్తి చివర ఉంచుతుంది. లినక్స్ ఒక్క గుర్తుతో సరిపెడుతుంది. అందువలన విండోస్‌లో రాసిన కమాండ్ల ఫైల్‌ను సర్వర్‌లో నడిపిస్తే, కంటికి కనిపించని ఆ అదనపు గుర్తు అడ్డుపడి, కళ్లముందే ఉన్న ఫైల్‌ను కూడా 'అటువంటిది లేదు' అని చెప్పే సందర్భాలు వస్తాయి.

మూడవది అనుమతులు. లినక్స్‌లో ప్రతి ఫైల్‌కూ యజమాని, అతని బృందం, ఇతరులు అనే మూడు వర్గాలు ఉంటాయి. చదవటం, రాయటం, నడపటం అనే మూడు హక్కులు ఒక్కొక్క వర్గానికి విడివిడిగా ఇవ్వాలి. ఇంటి యజమానికి అన్ని గదుల తాళాలూ, బంధువుకు ముందు గది వరకు ప్రవేశమూ, బాటసారికి అరుగు మాత్రమే ఉన్నట్టు. ఇది తెలియనివారు సైట్ పనిచేయనప్పుడల్లా విసిగి 777 అనే అంకె వాడి అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేస్తారు. అది ఇంటి తలుపులన్నీ బార్లా తెరిచి నిద్రపోవటమే.

ఈ తేడాలను పుస్తకంలో చదివి గుర్తుంచుకోవటం కష్టం. పని చేసే యంత్రం కూడా లినక్స్‌దే అయితే, తప్పు ఇంట్లోనే, ఆ క్షణంలోనే బయటపడుతుంది. వినియోగదారుని ఎదుట తలవంచుకోవలసిన అవసరం రాదు. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చుకోవటంలో ఉన్న అసలు లాభం ఇదే. దానివల్ల ఎవరూ రాత్రికి రాత్రి నిపుణులైపోరు. సగం తప్పులు ఎక్కడి నుంచి వస్తున్నాయో మాత్రం తెలిసివస్తుంది.

వెబ్ ప్రపంచం లినక్స్ వైపు ఎందుకు మొగ్గింది?

1983లో అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్, ఎవరైనా వాడుకోవటానికి, చదవటానికి, మార్చటానికి, పంచటానికి వీలైన ఒక పూర్తి వ్యవస్థను నిర్మిస్తానని ప్రకటించి 'గ్నూ' అనే ప్రాజెక్టును తలపెట్టాడు. 1991 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్ తాను సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని తోటివారికి తెలిపాడు. అతడు రాసిన కేంద్రభాగం, గ్నూ వారి పనిముట్లు కలిసి నేడు మనం లినక్స్ అని పిలుస్తున్న వ్యవస్థగా రూపొందాయి.

1995 ప్రాంతంలో వెబ్ విస్తరిస్తున్నప్పుడు అపాచీ అనే సర్వర్, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్, పీహెచ్‌పీ అనే భాష దాదాపు ఒకే కాలంలో వెలువడ్డాయి. వాటికి లినక్స్‌ను జోడిస్తే లైసెన్సు రుసుము లేకుండానే ఒక పూర్తి వెబ్ సర్వర్ సిద్ధమయ్యేది. ఈ నాలుగింటి మొదటి ఇంగ్లీషు అక్షరాలను కలిపి ఆ జోడింపును 'ల్యాంప్' అన్నారు. వేల కొద్దీ సర్వర్లు నడిపే సంస్థలకు ఒక్కొక్కదానికి రుసుము చెల్లించవలసిన అవసరం లేకపోవటం, లోపం కనిపిస్తే తామే లోపలికి వెళ్లి సరిచేసుకోగలగటం అనే రెండు కారణాలు లినక్స్‌ను అక్కడ స్థిరపరిచాయి. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ కేంద్రభాగం కూడా లినక్సే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో ఉన్నవన్నీ దానిమీదే నడుస్తున్నాయి. కోడ్‌లో జరిగిన మార్పులను భద్రపరిచే 'గిట్' అనే పనిముట్టును 2005లో రాసింది కూడా టోర్వాల్డ్సే. అది నేర్చుకోకుండా నేడు వెబ్ ఉద్యోగంలో అడుగుపెట్టటం కష్టం.

మన ముందున్న దారులు

మార్పు అనగానే ఒకే దారి ఉందనుకోకూడదు. యంత్రాన్ని బట్టి, ఇంటి అవసరాన్ని బట్టి ఎంచుకోవాలి.

మొదటిది, విండోస్‌ను ఉంచుకొని దాని లోపలే లినక్స్‌ను నడపటం. మైక్రోసాఫ్ట్ సంస్థే 2016లో ఈ సౌకర్యం ప్రవేశపెట్టింది. క్లుప్తంగా దీనిని డబ్ల్యూఎస్ఎల్ అంటారు. ఎనిమిది లేక పదహారు జీబీల ర్యామ్ ఉన్న కొత్త యంత్రం గలవారికి ఇది సుఖమైన మార్గం. ఒక జాగ్రత్త అవసరం: ప్రాజెక్టు ఫైళ్లను లినక్స్ భాగంలోనే ఉంచుకోవాలి. విండోస్ భాగంలో ఉంచి ఇటునుంచి చదివిస్తే పని బాగా నెమ్మదిస్తుంది.

రెండవది ఆపిల్ వారి మ్యాక్. దాని మూలాలు కూడా లినక్స్ అనుసరించిన యూనిక్స్ సంప్రదాయంలోనే ఉన్నాయి. టిమ్ బెర్నర్స్-లీ 1990లో మొట్టమొదటి వెబ్ సర్వర్‌ను నడిపిన నెక్స్ట్ కంప్యూటర్ వ్యవస్థకు నేటి మ్యాక్ వారసురాలు. ఐఫోన్ యాప్‌లు తయారుచేయదలచినవారికి మ్యాక్ తప్పనిసరి. కేవలం వెబ్ పని కోసం అంత ధర పెట్టవలసిన అవసరం లేదు. పైగా పెద్ద, చిన్న అక్షరాల భేదాన్ని అది కూడా మామూలుగా పాటించదు.

మూడవది, లినక్స్‌ను నేరుగా యంత్రంలో వేసుకోవటం. పాత యంత్రాలకు ఇదే తగినది. లినక్స్‌లో అనేక రూపాలున్నాయి. 2004లో మొదలైన ఉబుంటు, 2006లో దానినుంచి పుట్టిన లినక్స్ మింట్ కొత్తవారికి అనుకూలమైనవి. మింట్ తెర అమరిక విండోస్‌ను పోలి ఉంటుంది కాబట్టి ఇంట్లోని ఇతరులు కూడా తికమక పడరు. రెండు సంవత్సరాలకు ఒకసారి వచ్చే ఉబుంటు దీర్ఘకాలిక విడుదలలకు అయిదేళ్లపాటు ఉచిత నవీకరణలు అందుతాయి. నేర్చుకునేవారు ఇటువంటి విడుదలనే ఎంచుకోవాలి. వారానికొకటి మార్చిచూసే వ్యసనంలో పడితే, నేర్చుకోవలసిన విద్య పక్కకు పోతుంది.

అన్నయ్య ల్యాప్‌టాప్‌లో ర్యామ్ నాలుగు జీబీలే. దానిలో విండోస్, దాని లోపల మరొక లినక్స్ అంటే భారం ఎక్కువ. అందుకే మింట్‌ను ఎంచుకున్నాము. అయితే విండోస్‌ను పూర్తిగా తీసివేయలేము. పత్రికలు కంపోజ్ చేసే అను ఫాంట్లు, పేజ్‌మేకర్ విండోస్ మీద నడిచేవి. అన్నయ్య జీవనోపాధి వాటిమీదే ఉంది. కూతురి చదువు కోసం తండ్రి పనిముట్టును లాగేసుకోవటం న్యాయం కాదు. కాబట్టి ఒకే యంత్రంలో రెండు వ్యవస్థలు ఉండేలా, ఆన్ చేసేటప్పుడు ఏది కావాలో ఎంచుకునేలా అమర్చాలని ముగ్గురమూ కూర్చుని నిర్ణయించాము.

ముందుగా ఇంటివారి వస్తువులు

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. 2009లో నేను ఈ పని నేర్చుకునే ఉత్సాహంలో, ఇంట్లో ఎవరినీ అడగకుండా ఉమ్మడి కంప్యూటర్‌లో లినక్స్ వేశాను. తెరమీద వచ్చిన ప్రశ్నను పూర్తిగా చదవకుండా, మొత్తం డిస్కును చెరిపివేసే ఎంపికను నొక్కాను. మా అబ్బా గొంతుతో ఉన్న కొన్ని రికార్డింగులు అందులో ఉండేవి. ఆయన అప్పటికే మరణించి ఏడాది అయింది. అమ్మీ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనం నేటికీ నాకు బరువుగానే ఉంది. మరమ్మతు చేసేవారి చుట్టూ తిరిగినా అవి తిరిగి రాలేదు.

కాబట్టి ఇది ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన మాటగా పాఠకులు స్వీకరించాలి. ఇంట్లోని కంప్యూటర్ దానిమీద ఎక్కువసేపు కూర్చునేవారి సొంతం కాదు. అందులో అందరి ఫొటోలు, ధ్రువపత్రాలు, లెక్కలు ఉంటాయి. మార్పు చేయబోయే ముందు ఇంటివారందరినీ కూర్చోబెట్టి, "ఇందులో మీవి ఏమేమి ఉన్నాయి?" అని అడగాలి. వాటన్నిటినీ బయటి హార్డ్‌డిస్కులోకి నకలు తీయాలి. అతి ముఖ్యమైనవాటిని మరొకచోట కూడా ఉంచాలి. తరువాత ఆ నకలును వేరే కంప్యూటర్‌లో తెరిచి, ఫైళ్లు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. తెరిచి చూడని నకలును నమ్మకూడదు.

కర్నూలులో ఈ పనికి ఒక ఆదివారం మొత్తం పట్టింది. డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్లలో, ఎవరూ ఊహించని మూలల్లో ఫైళ్లు బయటపడ్డాయి. 'కొత్త ఫోల్డర్' అనే పేరుతో ఉన్న అయిదు ఫోల్డర్లలో ఒకదానిలో మా దాదీ చివరి ఈద్ నాటి ఫొటోలు దొరికాయి. అవి ఆ యంత్రంలో ఉన్నాయని కూడా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. భాభీ వాటిని చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయింది. ఆ రోజు మేము ఇంకేమీ ఇన్‌స్టాల్ చేయలేదు.

కొన్ని యంత్రాల్లో విండోస్ డిస్కును బిట్‌లాకర్ ద్వారా తాళం వేసి ఉంచుతుంది. అటువంటప్పుడు 48 అంకెల రికవరీ కీని ముందుగా కాగితం మీద రాసి పెట్టుకోవాలి. లేకపోతే మార్పు తరువాత మన ఫైళ్లకు మనమే పరాయివాళ్లమవుతాము.

పెన్‌డ్రైవ్‌తో పరీక్ష

లినక్స్‌లో ఒక గొప్ప సౌలభ్యం ఉంది. దానిని యంత్రంలో వేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడవచ్చు. ఎనిమిది జీబీల పెన్‌డ్రైవ్ సరిపోతుంది. మింట్ లేదా ఉబుంటు అధికారిక సైట్ నుంచి ఫైల్ దించుకొని, రూఫస్ వంటి ఉచిత ప్రోగ్రామ్‌తో దానిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ఆ క్రమంలో పెన్‌డ్రైవ్‌లో ముందున్నదంతా చెరిగిపోతుందని మరచిపోకూడదు. యంత్రాన్ని దానినుంచి ప్రారంభిస్తే, హార్డ్‌డిస్కును ముట్టుకోకుండానే కొత్త వ్యవస్థ తెరమీదికి వస్తుంది.

ఈ స్థితిలో కనీసం రెండు మూడు రోజులు గడపటం మంచిది. వైఫై దొరుకుతోందా? శబ్దం వస్తోందా? కెమెరా, టచ్‌ప్యాడ్, ప్రింటర్ పనిచేస్తున్నాయా? మూత మూసి తెరిస్తే యంత్రం మేల్కొంటోందా? పాత ల్యాప్‌టాపులలో వైఫై కొన్నిసార్లు వెంటనే పనిచేయదు. ఆ సంగతి ఇన్‌స్టాల్ చేసిన తరువాత కంటే ముందే తెలియటం మేలు కదా! మా పరీక్షలో అన్నీ బాగానే ఉన్నాయి. ప్రింటర్ ముద్రించింది కానీ దానిలోని స్కానర్ పలకలేదు. విండోస్ ఎలాగూ ఉంటుంది కనుక స్కాన్ చేయవలసినప్పుడు దానిలోకి వెళ్లాలని అనుకున్నాము.

ఆ తరువాతనే విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారా 200 జీబీలు ఖాళీ చేసి, అందులో మింట్ వేశాము. ఆ యంత్రం మొత్తం డిస్కు 1000 జీబీలు కనుక అన్నయ్య పనికి ఇబ్బంది కలగలేదు. ర్యామ్‌ను ఎనిమిది జీబీలకు పెంచాము. దానికైన ఖర్చు కొత్త ల్యాప్‌టాప్ ధరలో ఒక చిన్న భాగమే. భాభీ గాజుల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మరునాడు ఒక చిన్న వింత జరిగింది. జుహర్ అజాన్ వినిపిస్తుండగా అన్నయ్య విండోస్ తెరిస్తే, గడియారం ఉదయం ఏడున్నర దాటినట్టు చూపిస్తోంది. యంత్రం చెడిపోయిందని ఆయన కంగారుపడ్డాడు. కారణం ఇది: యంత్రం లోపలి గడియారాన్ని లినక్స్ ప్రపంచ ప్రామాణిక సమయంగా భావించి దిద్దుతుంది. విండోస్ అదే గడియారాన్ని స్థానిక సమయంగా చదువుతుంది. మన దేశ సమయం ప్రామాణిక సమయం కంటే అయిదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి అంత తేడా కనిపించింది. లోపలి గడియారాన్ని స్థానిక సమయంగానే చూడమని లినక్స్‌కు ఒక కమాండ్‌తో చెప్పగానే సరిపోయింది.

తెలుగు, ఉర్దూ సంగతి

ఇంగ్లీషుతో సరిపెట్టుకోలేని ఇళ్లు మనవి. ఆ పాఠశాల యాజమాన్యం తమ సైట్ తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలని కోరింది. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన తెలుగును యథాతథంగా వెబ్ పేజీలో పెడితే పిచ్చిగీతలు కనిపిస్తాయి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలను అమర్చుకున్నవి కావటమే దానికి కారణం. వెబ్‌కు యూనికోడ్ తెలుగు కావాలి. అన్నయ్య ఫైళ్లలోని సమాచారాన్ని యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిగా పడ్డాయో లేదో ఆయనే కూర్చుని దిద్దాడు. తండ్రికీ కూతురికీ ఒకే పనిలో భాగం దొరికింది.

లినక్స్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ఉర్దూ కీబోర్డు రెండూ సెట్టింగులలోనే ఉంటాయి. నోటో సాన్స్ తెలుగు, నోటో నస్తలీఖ్ ఉర్దూ ఫాంట్లు ఉచితంగా లభిస్తాయి. ఉర్దూ భాగానికి కుడినుంచి ఎడమకు అనే దిశను పేజీలో స్పష్టంగా తెలపాలి. లేకపోతే పూర్ణవిరామాలు, అంకెలు తప్పుచోట పడతాయి.

తెలుగు ఒత్తులను, ఉర్దూ అక్షరాల కలయికను తెరమీద సరిగా పేర్చే ఉచిత ప్రోగ్రామ్ ఒకటుంది. దాని పేరు హర్ఫ్‌బజ్. ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ దాని ప్రధాన రూపకర్త. ఆ పేరు ఫార్సీ నుంచి వచ్చింది. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచి ఉన్నది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రాఫీస్, ఆండ్రాయిడ్ అన్నిటిలోనూ అదే పనిచేస్తోంది. మన రెండు లిపులూ ఒకే పనిముట్టు సహాయంతో తెరకెక్కుతున్నాయన్న సంగతి అమ్మాయికి ఎంతో నచ్చింది.

తెలుగువారి కృషి కూడా ఇందులో ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ లినక్స్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించింది. పొరుగున ఉన్న కేరళలో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ విద్య నేర్చుకుంటున్నారు.

మొదటి నెల

మొదటి వారం అమ్మాయికి కష్టంగానే గడిచింది. టెర్మినల్ అనే నల్లని తెరలో కమాండ్లు టైపు చేయటం ఆమెకు కొత్త. నేను రోజుకు మూడు కమాండ్లకు మించి నేర్పలేదు. ఎక్కడున్నామో తెలుసుకోవటం, ఫోల్డర్‌లో ఏముందో చూడటం, ఒకచోటినుంచి మరొకచోటికి వెళ్లటం. ఈ మూడు చేతికి వస్తే మిగిలినవి వాటంతటవే వస్తాయి. ప్రోగ్రామ్‌ల కోసం సైట్లు వెదికి దించుకోవలసిన అవసరం లేకుండా, 'ఆప్ట్' అనే ఒకే కమాండ్‌తో అపాచీ, పీహెచ్‌పీ, డేటాబేస్, గిట్ అన్నీ వచ్చి చేరాయి. ఆమెకు అలవాటైన వీఎస్ కోడ్ ఎడిటర్ లినక్స్‌లోనూ ఉంది కనుక రాసే పద్ధతి మారలేదు.

ఒక నియమం మాత్రం గట్టిగా పెట్టాను. ఎక్కడో కనిపించిన కమాండ్‌ను అర్థం తెలియకుండా అతికించకూడదు. ముఖ్యంగా 'సుడో' అనే మాటతో మొదలయ్యేవాటిని. ఆ మాట యంత్రం మీద సర్వాధికారాలు ఇస్తుంది. అది నడిపే ముందు అందులోని ప్రతి మాటకూ అర్థం చెప్పగలగాలి.

ఒక రోజు ఆమె సైట్ ఫొటో మళ్లీ కనిపించలేదు. ఈసారి ఇంట్లోనే. నాకు ఫోన్ చేయబోయి ఆగి, ఫైల్ పేరు చూసుకుంది. పెద్ద అక్షరం. "నేనే పట్టుకున్నాను చాచా" అని సాయంత్రం చెప్పింది. ఆ గొంతులోని మార్పు నాకు స్పష్టంగా తెలిసింది.

ఇబ్బందులు లేవని చెప్పటం సరికాదు. ఒక దుకాణదారుడు తన ప్రకటనను ఫొటోషాప్ ఫైల్‌గా పంపాడు. ఆ ప్రోగ్రామ్ లినక్స్‌కు లేదు. గింప్‌లో తెరిస్తే కొన్ని పొరలు చెదిరాయి. చివరకు అతడినే మామూలు చిత్రంగా పంపమని కోరవలసి వచ్చింది. ట్యాలీ వంటి లెక్కల ప్రోగ్రామ్‌ల మీద ఆధారపడినవారు కూడా విండోస్‌ను వదులుకోవటం సాధ్యం కాదు. ఇక పాత విండోస్ 10ను ఉంచుకున్నవారు దానిని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచటం మంచిది. అన్నయ్య కంపోజింగ్‌కు ఇంటర్నెట్ అవసరం లేదు. ఇంటర్నెట్ పనులన్నీ ఇప్పుడు మింట్‌లోనే సాగుతున్నాయి.

మరొక విషయం. మన ఇళ్లలోని అనేక కంప్యూటర్లలో వెల చెల్లించని దొంగ ప్రతులు ఉంటాయి. 'అందరూ వాడుతున్నారు' అని మనమూ పట్టించుకోము. వెల ఉన్న వస్తువును యజమాని అనుమతి లేకుండా వాడుకోవటం ఎటువంటి పనో ఈ పత్రిక పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. పైగా తాళం పగలగొట్టిన ఆ ప్రతులతోపాటు వైరస్‌లు కూడా వస్తాయి. లినక్స్‌ను నకలు తీసి పొరుగువారికి ఇవ్వటానికి దాని రూపకర్తలే అనుమతించారు. బిడ్డ సంపాదనకు పునాది వేసే పనిముట్టు నిస్సంకోచంగా వాడుకోదగినదై ఉండటం చిన్న విషయం కాదు.

నిర్ణయానికి ముందు

మీ ఇంట్లో కూడా ఎవరైనా వెబ్ పని నేర్చుకుంటుంటే, కొత్త యంత్రం కొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. యంత్రం నిజంగా పాడైందా, లేక దానిలోని వ్యవస్థకు కాలం చెల్లిందా? ఇంట్లో మరెవరి పనైనా పాత వ్యవస్థ మీద ఆధారపడి ఉందా? అందరి ఫైళ్లకూ తెరిచి చూసిన నకలు ఉందా? మూడవ ప్రశ్నకు 'ఉంది' అని జవాబు వచ్చేవరకు ఏ బటనూ నొక్కకండి.

యంత్రం కొత్తదై, దానిలో విండోస్ 11 చక్కగా నడుస్తుంటే దానిని కదిలించవలసిన పని లేదు. లోపలే లినక్స్ వేసుకొని నేర్చుకోవచ్చు. పాతదైతే పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టండి.

అమ్మాయి ఆ పాఠశాల సైట్‌ను మూడు భాషల్లో పూర్తి చేసి ఇచ్చింది. తరువాత మరో రెండు చిన్న పనులు వచ్చాయి. సంపాదన ఇంకా స్వల్పమే. ఉద్యోగానికి నేర్చుకోవలసింది చాలా ఉంది. అయినా రాత్రి ఇషా తరువాత ఆ పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు, తప్పు వస్తే అది ఎక్కడుందో వెదకటం ఆమెకు తెలుసు. తనకు ఈ పని రాదేమో అన్న మాట మళ్లీ అనలేదు. దాదీ ఈద్ ఫొటోలు ఇప్పుడు బయటి డిస్కులో ఒకటి, అన్నయ్య దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి, మొత్తం మూడుచోట్ల భద్రంగా ఉన్నాయి.